మెజారిటీ అక్కర్లేని పనులు

ఓట్ల లెక్కింపు నాటి సాయంత్రం గోదావరి జిల్లాల్లో ఏ ఇల్లు ఏ పార్టీదో తెలియాలంటే గోడ మీద పోస్టరు చూడక్కర్లేదు. లోపలి టీవీ వింటే చాలు. గెలిచినవాళ్లింట్లో వార్తల ఛానల్ వీధి మలుపు దాకా వినిపిస్తుంది. ఓడినవాళ్లింట్లో భక్తి ఛానల్ మొదలవుతుంది. పొద్దున్న ఎనిమిదింటి నుంచీ రౌండు రౌండుకీ ఆధిక్యం రాసుకున్న కాగితం నలిగి మూలకి చేరుతుంది. మర్నాడు కాలవగట్టు మీద టీ కొట్టులో సగం బల్లలు ఖాళీ. అడిగితే ఒంట్లో నలతగా ఉందంటారు, పెద్దమ్మాయి ఇంటికి వెళ్లారంటారు, కొబ్బరి దింపు ఉందంటారు. అన్నీ నిజమే అయ్యుండొచ్చు. కానీ ఊళ్లో అంతమందికి ఒకే రోజున నలత చేయడం అయిదేళ్లకోసారి మాత్రమే జరుగుతుంది.

వారం తిరిగేసరికి ఒక్కొక్కరే బయటికొస్తారు, తలా ఒక కారణం వెంటబెట్టుకుని. ఒకాయనది యంత్రాల కారణం. ఇంకొకాయనది డబ్బు కారణం. మూడో ఆయనది ఫలానా వీధి వాళ్లు చివరి రాత్రి మాట తప్పారన్న కారణం. వీటికి సాక్ష్యం అడగకూడదు. అడిగితే మీరు అవతలి పార్టీ అయిపోతారు.

ఈ బాధ పంచడంలో మా జిల్లాలు ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. 2014లో పశ్చిమగోదావరి 15 స్థానాలనూ తెలుగుదేశం, బీజేపీలకే కట్టబెట్టింది. అయిదేళ్లు తిరిగేసరికి అదే జిల్లా 13 స్థానాలను వైఎస్సార్ కాంగ్రెస్ చేతిలో పెట్టింది. తూర్పుగోదావరి 19లో 14 ఇచ్చింది. రాష్ట్రం మొత్తం మీద జనసేనకి దక్కిన ఒకే ఒక్క స్థానం, రాజోలు, మా కోనసీమదే. ఆ పార్టీ అధినేత పవన్ కల్యాణ్ మాత్రం భీమవరంలోనూ గాజువాకలోనూ ఓడిపోయారు. 2024కి లెక్క మళ్లీ తిరగబడింది. రెండు ఉమ్మడి జిల్లాల్లో కలిపి 34 స్థానాలుంటే 34నీ తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమి ఊడ్చుకుపోయింది. ఇక్కడ జనం ఒరిగితే ఓ పక్కకే మొత్తంగా ఒరుగుతారు. కాబట్టి పదేళ్లలో ప్రతి పార్టీ అభిమానీ కనీసం ఒక్కసారైనా ఆ భక్తి ఛానల్ పెట్టుకున్నవాడే.

మాకు ఇంకో అదనపు బాధ ఉంది, పందేలు. సంక్రాంతికి కోడి, ఎన్నికలకి అభ్యర్థి. గెలుస్తాడా ఓడతాడా అన్నది పాతకాలపు పందెం. ఇప్పుడు మెజారిటీ ఎంతన్న దాని మీద, ఫలానా మండలంలో ఎవరికి ఎక్కువ పడతాయన్న దాని మీద కాస్తున్నారు. 2019లో ఏప్రిల్ 11న ఓట్లేసి, మే 23 దాకా ఫలితం కోసం కూర్చోబెట్టారు. ఆరు వారాలు! ఖాళీగా ఉన్న మనిషికి ఆరు వారాలిస్తే ఏం చేస్తాడో ఎన్నికల సంఘానికి తెలియదు కాబోలు. మధ్యవర్తి దగ్గర డబ్బు పెట్టారు, బుల్లెట్ బండ్లు పెట్టారు, పొలం మీద మాటిచ్చినవాళ్లూ ఉన్నారని విన్నాం. చట్టం ఒప్పుకోని వ్యవహారం కాబట్టి పోయినవాడు బయటికి ఏడవడానికీ లేదు.

నేను మాట్లాడుతున్నది అందరి గురించీ కాదు. ఎన్నిక పోతే బతుకు పోయేవాళ్లు ఉంటారు. 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థలో రాష్ట్రం మొత్తం మీద రెండున్నర లక్షల మందికి పైగా కుర్రాళ్లు, ఆడపిల్లలు నెలకి 5,000 రూపాయలకి పనిచేశారు. యాభై ఇళ్లకి ఒకరు. ఒకటో తారీఖు తెల్లవారుజామున పింఛను పట్టుకుని ముసలాళ్ల తలుపు తట్టింది వాళ్లే. 2024లో ఆ పని ఆగిపోయింది. ఆ పిల్లలకి వెళ్లి 'బాధపడకమ్మా, సేవ చెయ్యి' అని చెప్పే మొహం నాకు లేదు. చేసిందే అది కదా. నా మాటలు మిగతావాళ్లకి. ప్రభుత్వం ఎవరిదైనా ఇంట్లో అన్నం ఉడికేవాళ్లకి, గాయం అభిమానానికే తప్ప కడుపుకి తగలనివాళ్లకి. మా వైపు అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. నేనూ ఆ బాపతే.

ఈ అభిమాని దగ్గర ఓడిన మర్నాడు కోపం ఒక్కటే మిగిలిందని అందరూ అనుకుంటారు. కాదు, ఇంకోటి మిగులుతుంది. ఎన్నికల నెలలో బూత్ ఏజెంటు తిరిగినంతగా ఏ అధికారీ ఊరు తిరగడు. చేతిలో ఓటర్ల జాబితా, ప్రతి పేరు పక్కనా పెన్సిల్ గుర్తు. ఎవరు హైదరాబాదులో ఉన్నారు, ఏ ఇంటి కోడలు కువైట్‌లో పనిచేస్తోంది, ఎవరు మంచం పట్టారు, ఎవరికి చూపు ఆనదు, ఏ మామ్మ గారు ఒక్కరే ఉంటున్నారు, ఎవరింట్లో తండ్రీ కొడుకులు మాట్లాడుకోరు కాబట్టి చీటీలు విడివిడిగా ఇవ్వాలి, అన్నీ అందులో ఉంటాయి. ఎనభై అయిదు దాటినవాళ్లకి 2024లో ఇంటి దగ్గరే ఓటేసే సదుపాయం పెడితే, ఏ ఇంటికి బ్యాలెట్ పెట్టె తీసుకురావాలో అధికారుల కంటే ముందు వీళ్లకే తెలుసు. ఒక ఊరి కష్టసుఖాల మీద ఇంత నాణ్యమైన పత్రం ఇంకెక్కడా దొరకదు. పోలింగు ముగిసిన సాయంత్రానికి అది చిత్తుకాగితం. పోలింగు నాడు, మే 13న, ఆ మామ్మ గారి గుమ్మంలోకి రెండు పార్టీల ఆటోలూ వచ్చాయి, ఎందులో ఎక్కాలో ఆవిడకి పాలుపోలేదు. మర్నాడు కళ్లాసుపత్రికి వెళ్లాల్సొచ్చింది. ఒక్క ఆటో కూడా రాలేదు.

అక్కణ్ణించి మొదలుపెట్టాలి మనం. ఓటు లక్షల్లో కలిసేది. మనం వేసిన ఓటు ఏదో, అది ఎక్కడికి పోయిందో మనకే ఆనవాలు దొరకదు. ఇరవై వేల తేడాతో ఓడితే నా ఓటు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అనిపిస్తుంది. మామ్మ గారిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి మెజారిటీ అక్కర్లేదు. దాన్ని ఎవరూ లెక్కించరు, ఎవరూ ఓడించలేరు.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన సంగతి కాదు. రాజమండ్రిలో 1909 జులై 15న పుట్టి, కాకినాడలో పెరిగిన ఒకావిడ దీన్ని దేశమంత పెద్దగా చేసి చూపించారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు చెప్పగానే హైదరాబాదు విద్యానగర్ ఆసుపత్రి గుర్తొస్తుంది చాలామందికి. అంతకంటే ముందు కాకినాడ రోజుల నుంచి చూడాలి ఆవిణ్ణి.

1921లో గాంధీ గారు కాకినాడ వస్తున్నారు. ఆవిడకి పన్నెండో ఏడు. ఆ ఊళ్లోని దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని పట్టుబట్టింది ఆ పిల్ల. నిర్వాహకులు పెద్దవాళ్లు కదా, అయిదు వేల రూపాయల నిధి తెస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఈ పిల్ల ఎక్కడ తెస్తుందిలే అన్న ధీమా కాబోలు. దేవదాసీలే ఆ డబ్బు పోగుచేసి ఇచ్చారు. గాంధీ గారు అనుకున్న నిమిషాలు దాటి మాట్లాడారు. అక్కడికక్కడ ఒంటిమీద నగలు తీసిచ్చినవాళ్లతో కలిపి పాతిక వేలు పోగైందని చెబుతారు. 1921 నాటి పాతిక వేలు. ఇచ్చినవాళ్లెవరు? ఊరు తమ పెళ్లి పందిట్లో ఆడించి, తమ పంక్తిలో కూర్చోనివ్వని ఆడవాళ్లు. ఓటు సంగతి దేవుడెరుగు, వాళ్లకి వీధి అరుగు మీద చోటు లేదు.

రెండేళ్లకి, 1923 డిసెంబరులో, కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభ. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర దుర్గాబాయి కార్యకర్తగా నిలబడింది. టికెట్ లేకుండా ఎవర్నీ పంపొద్దన్నారు. నెహ్రూ గారు వచ్చారు, టికెట్ లేదు, ఆపేసింది. పెద్దలు కంగారుపడి మందలించబోతే చెప్పిన పని చెప్పినట్టు చేశానంది. టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. ఈ కథ బడి పుస్తకాల స్థాయికి చేరింది కాబట్టి పొడిగించను. గుమ్మం దగ్గర నిలబడే పనిని కూడా పనిగా చూసిన పిల్ల అన్నంతవరకు గుర్తుంటే చాలు.

తర్వాత ఉప్పు సత్యాగ్రహం, జైళ్లు, కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్, ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో డిగ్రీ, మద్రాసులో న్యాయశాస్త్రం. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ. 1946లో రాజ్యాంగ సభ సభ్యత్వం. అక్కడ సవరణల మీద సవరణలు ప్రతిపాదించి, అధ్యక్షస్థానంలో కూర్చునే ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళగా పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాత 1952. రాజ్యాంగం రాసినవాళ్లలో ఒకరు, ఆ రాజ్యాంగం ప్రకారం జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో పార్లమెంటుకి పోటీ చేసి ఓడిపోయారు.

ఎంత బాధ పడ్డారో మనం ఊహించుకోవాల్సిందే. నాకు కనిపించేది ఆ తర్వాతి కాలం. ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. దేశంలో అక్కడక్కడ నలుగురు కలిసి నడిపే అనాథాశ్రమాలు, మహిళా సంఘాలు, అంధుల పాఠశాలలు చందా డబ్బులతో ఈడ్చుకొస్తుంటే, వాటికి ప్రభుత్వ నిధి, సలహా అందించడం ఆ బోర్డు పని. 1958లో చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకి సంక్షిప్త కోర్సులు పెట్టారు. పెళ్లయి, పిల్లలు పుట్టి, లేదా భర్త పోయి ఇంట్లో కూర్చున్నవాళ్లు రెండేళ్లలో మెట్రిక్ స్థాయికి చేరి నర్సులో, టీచర్లో, గ్రామసేవికలో అయ్యే దారి. మద్రాసులో తన ఇంటి చుట్టుపక్కల ఆడపిల్లల్ని కూర్చోబెట్టి కాశీ మెట్రిక్ పరీక్షకి చదివించడమే ఆంధ్ర మహిళా సభకి మొదలు. ఆ వీధి పనే బోర్డు పథకమై దేశమంతా తిరిగింది.

ఓడిపోవడం వల్లే ఇంత మంచి జరిగిందన్న ముచ్చట నాకు నమ్మబుద్ధి కాదు. గెలిచుంటే ఇంకా పెద్ద పనులే చేసేవారేమో. పైగా ఓడిన మామూలు మనిషికి ప్రణాళికా సంఘం నుంచి కబురు రాదు. అది నెహ్రూకి తెలిసినవాళ్లకే దక్కే ఓదార్పు. నేను ఆవిడ దగ్గర పట్టుకున్న విషయం వేరు. ఓడిన మర్నాడు వెళ్లడానికి ఆవిడకి ఓ చోటుంది. పదిహేనేళ్లుగా నడుస్తున్న సభ, అందులో చదువుకునే పిల్లలు, తాళాలు, జమాఖర్చుల పుస్తకం. ఎన్నిక ఆవిడ జీవితంలో ఒక గది మాత్రమే, ఇల్లంతా కాదు.

ఆ చోటు లేనివాళ్లకి ఏమవుతుందో 1955 చూపించింది. ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు. కమ్యూనిస్టులు ఇక గెలిచేశామనుకున్నారు, అవతలివాళ్లు కూడా అనుకున్నారు. 196 స్థానాల్లో 15 వచ్చాయి. ఓట్లు చూస్తే నూటికి ముప్ఫైకి పైనే. ఆ ప్రచారంలో ఊళ్లు పట్టుకు తిరిగిన కవి శ్రీశ్రీ ఒకరోజు స్పృహ తప్పి, చాలా రోజులు ఆసుపత్రిలో ఉండాల్సొచ్చింది. కృష్ణా గోదావరి డెల్టాల్లో ఆ ఏడు మొదలైన దిగులు కొందరు పాతతరం వాళ్లకి చచ్చేదాకా పోలేదు. ఎనభై దాటినాక కూడా 'యాభై అయిదులో గనక...' అని వాక్యం మొదలుపెట్టేవారిని నేనెరుగుదును. ఆ వాక్యం పూర్తయ్యేది కాదు.

ఇటీవలి కాలానికొస్తే, ఓడిన పార్టీలే గరిటె పట్టుకున్న సందర్భాలు మన కళ్లముందే ఉన్నాయి. 2018 జులైలో అయిదు రూపాయల భోజనంతో మొదలైన అన్న క్యాంటీన్లు 2019లో ప్రభుత్వం మారాక మూతపడ్డాయి. ఆ తర్వాత రాష్ట్రంలో చాలాచోట్ల తెలుగుదేశం కార్యకర్తలు సొంత డబ్బుతో, అదే పేరుతో భోజనాలు పెట్టారు. 2019 నవంబరులో ఇసుక దొరక్క పనులు ఆగి తాపీ మేస్త్రీలు, కూలీలు పస్తులుంటే జనసేన వాళ్లు డొక్కా సీతమ్మ గారి పేరుతో ఆహార శిబిరాలు నడిపారు. 2021 గాంధీ జయంతి నాడు ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ మీద గుంతలు పూడ్చడానికి పవన్ కల్యాణ్ వస్తామంటే అధికారులు అనుమతించలేదు. రాజమండ్రి శివారులోని మరో రోడ్డుకి మార్చుకుని శ్రమదానం చేశారు. 2022లో ఆత్మహత్య చేసుకున్న కౌలు రైతుల కుటుంబాలకి ఇంటికి లక్ష చొప్పున ఇస్తూ తిరిగారు, మా మండపేట కూడా వచ్చారు.

ఇదంతా ప్రచారమే కదా అంటారు. అవును, ప్రచారమే. ఆ శిబిరంలో అన్నం తిన్న తాపీ మేస్త్రీకి ఆ సంగతి తెలియదా? తెలిసే తిన్నాడు, ఆకలేసింది కాబట్టి. నాకు ఏవగింపు కలిగించేది ఇంకొకటుంది, ఏ పార్టీ వాళ్లు చేసినా. ఆసుపత్రి వార్డులో పళ్ల పంపకం ఫొటో. బత్తాయి ఒకటి, దాన్ని పట్టుకున్న చేతులు పదకొండు, మంచం మీద రోగి ఫ్రేములో సగమే పడతాడు. బ్యానరుకి అయిన ఖర్చులో పళ్లు కొంటే వార్డంతటికీ సరిపోయేవి.

సీతమ్మ గారి పేరు వచ్చింది కాబట్టి ఓ మాట. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, గోదావరి పాయలు దాటి ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టి పంపిన ఇల్లాలు. 1909లో పోయారు. దుర్గాబాయి గారు పుట్టింది కూడా ఆ ఏడే. సీతమ్మ గారికి జీవితంలో ఓటు లేదు. అప్పట్లో ఆడవాళ్లకి ఆ హక్కే లేదు. ఆవిడ పేరు ఇప్పుడు గన్నవరం అక్విడెక్టుకి ఉంది. ఓడిన పార్టీ ఒకప్పుడు తన శిబిరాలకి పెట్టుకున్న ఆ పేరే, వాళ్లు భాగస్వాములుగా అధికారంలోకొచ్చాక బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఎక్కింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పట్టిన గరిటె జీవో కాగితమైంది. నాకిది ముచ్చటగానే ఉంది, పప్పులో నీళ్లు ఎక్కువ కాకుండా చూసుకుంటే.

కోపంతో దానం చేయడంలో అమెరికా వాళ్లు మనకంటే ఘటికులు. 2016 నవంబరులో ట్రంప్ గెలిచాక, ఓడినవైపు వాళ్లు కసికొద్దీ డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. 2017 జనవరిలో కొన్ని దేశాల ప్రయాణికుల మీద నిషేధం పెట్టిన వారాంతంలో పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూకి ఆన్‌లైన్‌లో రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు వచ్చాయి. మామూలుగా ఏడాది పొడుగునా ఆన్‌లైన్‌లో వచ్చేదానికి అది ఆరు రెట్లు. అంతకంటే తమాషా ఇంకోటి. స్త్రీల ఆరోగ్య సేవలు అందించే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ అనే సంస్థకి ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన పెన్స్ గారు గట్టి వ్యతిరేకి. జనం వేల సంఖ్యలో ఆయన పేరు మీదే దానికి విరాళాలు ఇచ్చారు. ఎవరి పేరున ఇస్తే వాళ్లకి ధన్యవాదాల ఉత్తరం వెళ్తుంది కదా!

ఇది మన ఊళ్లో చేస్తే ఎలా ఉంటుందో ఆలోచిస్తే నవ్వాగదు. గెలిచిన ఎమ్మెల్యే గారి పేరున, గోత్రనామాలతో సహా, ఓడినవాళ్లు గుళ్లో అన్నదానం రాయిస్తారు. ఆయన కాదనలేడు. వచ్చి కూర్చుని తినాలి కూడా. వడ్డించేవాడు ఆయనకి ఓటెయ్యనివాడు, 'ఇంకొంచెం పులిహోర వేసుకోండి సార్, ఆయ్' అంటూ కొసరి కొసరి వడ్డిస్తాడు. పగ తీర్చుకోవడంలో ఇంత మర్యాద మా వైపు తప్ప ఇంకెక్కడా కుదరదు.

అదే దేశంలో ఇంకో ఓటమి ఉంది, నెమ్మదైనది. 1980లో జిమ్మీ కార్టర్ అధ్యక్ష పదవి పోగొట్టుకుని సొంతూరు వెళ్లిపోయారు. 1982లో కార్టర్ సెంటర్ పెట్టారు. పేదలకి ఇళ్లు కట్టే సంస్థతో సుత్తి పట్టుకుని తొంభయ్యో పడి దాకా తిరిగారు. 1986లో ప్రపంచంలో ముప్ఫై అయిదు లక్షల మందికి నారికురుపు ఉండేది. చెరువునీళ్లు తాగినవాళ్ల కాలిలోంచి మూరెడు పురుగు బయటికొచ్చే ఆ జబ్బు మన రాష్ట్రంలోనూ ఉండేది, పెద్దవాళ్లు ఎరుగుదురు. మన దేశం 2000 నాటికి దాన్నుంచి బయటపడింది. కార్టర్ సెంటర్ వెంటపడగా పడగా 2023కి ప్రపంచం మొత్తం మీద పద్నాలుగు కేసులకి వచ్చింది. గెలిచిన నాలుగేళ్లకంటే ఓడిన నలభై ఏళ్లే ఆయన్ని ఎక్కువమందికి చుట్టాన్ని చేశాయి.

ఏసీఎల్‌యూకి వచ్చిన డబ్బు ఒక్క వారాంతంలో వచ్చింది. కార్టర్ పని నలభై ఏళ్లు పట్టింది. డెల్టాలో పుట్టినవాడికి ఈ తేడా చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కుల వరద పోయింది. ఆ నీటితో ఒక్క కుంట పండలేదు, ఉన్నవి మునిగాయి. పది లక్షల ఎకరాలు పండించేది తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలవల్లోకి లాకులెత్తి లెక్కగా వదిలే నీరు. అది ఆ వరదలో పిసరంత. కాటన్ దొర చేసిందల్లా ఆ పిసరుని పక్కకి తిప్పడమే. ఓడిన కోపం కూడా అంతే. దానికో లాకు, ఓ వారబందీ ఏర్పాటు చెయ్యకపోతే జూన్ నెల దాటేలోపు సముద్రంలో కలుస్తుంది.

రక్తదానం చూడండి. మా జిల్లాల్లో సినిమా హీరోల పుట్టినరోజులకి రక్తదానం చెయ్యడం దశాబ్దాల అలవాటు. మొగల్తూరు నుంచి వెళ్లిన చిరంజీవి గారు 1998లో బ్లడ్ బ్యాంకు పెట్టాక ఆగస్టు 22 వస్తే అభిమానులు బారులు తీరతారు. ఆయన 2009లో సొంత ప్రాంతం పాలకొల్లులో ఓడిపోయారు, తిరుపతిలో గెలిచారు. ఆయన పార్టీ ఎప్పుడో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. రక్తమిచ్చే బారు మాత్రం ఆగలేదు. సంతోషమే. కానీ బ్లడ్ బ్యాంకు వాళ్ల ఇబ్బంది వేరు. ఒకే రోజు అందరూ ఇస్తారు, ఆ తర్వాత ఎవరూ రారు. ఎండాకాలం కాలేజీలకి సెలవులిచ్చాక మరీ కటకట. మనం ఇచ్చే 350 మిల్లీలీటర్లలో ఎర్రకణాలు నిలవుండేది మహా అయితే ఆరు వారాలు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. ఓటు అయిదేళ్లు నిలవుంటుంది, ప్లేట్‌లెట్ అయిదు రోజులు. తలసేమియా పిల్లలకి మూడేసి వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఏ హీరో పుట్టినరోజూ లేని నెలల్లో కూడా. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. అంటే రెండు ఎన్నికల మధ్య ఓ మగాడు ఇరవై సార్లు రక్తం ఇవ్వగలడు. పార్టీ వాట్సాప్ గ్రూపులో రెండొందల మంది ఉంటారు కదా, వాళ్లని వారాలవారీగా పంచుకుంటే చాలు. ఆ గ్రూపు ఎలాగూ అలిగి మౌనంగా ఉంది, దానికీ ఓ పని దొరుకుతుంది.

ఇక్కడ ఒకటి తేల్చుకోవాలి. సేవ చేస్తున్నాం కదా అని రాజకీయం వదిలెయ్యమంటే నేను ఒప్పుకోను. రోడ్డు గుంత పూడ్చడం ఒకరోజుకి బాగుంటుంది, రెండో ఏడూ మనమే పూడిస్తే కాంట్రాక్టరు సుఖపడతాడు. సర్కారు ఆసుపత్రిలో నర్సులు చాలకపోతే బ్రెడ్డు పంచితే తీరదు. అడగాలి, కలెక్టరేట్ ముందు సోమవారం అర్జీ ఇవ్వాలి, మళ్లీ ఇవ్వాలి. అయితే వార్డులో ఏడాదిగా అన్నం పెడుతున్నవాడు ఆ అర్జీ రాస్తే దాని పదును వేరు. ఏ మంచం పక్కన ఫ్యాను తిరగదో, రాత్రి ఎన్ని గంటలకి ఎవరూ ఉండరో వాడికి తెలుసు. టీవీ చర్చలో కూర్చున్నవాడికి తెలియదు. దుర్గాబాయి గారు రాజ్యాంగ సభలో సవరణలు ప్రతిపాదించేనాటికి జైలు కూడా చూసొచ్చారు, ఆడపిల్లల పరీక్ష ఫీజులు కూడా చూసొచ్చారు.

ఇంకో చిక్కు. మామ్మ గారు మనకి ఓటెయ్యలేదని తెలిస్తే? తెలుస్తుంది, ఊరు కదా. ఆ పెన్సిల్ గుర్తులు అందుకే పెట్టాం. మంచి పని చేసేటప్పుడు ఆ గుర్తులు చెరిపెయ్యాలని పుస్తకాల్లో రాస్తారు. మనుషులం, అంత తొందరగా చెరగవు. మొదటిసారి ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడు దారిపొడుగునా గుర్తొస్తూనే ఉంటుంది. నాలుగోసారికి ఆవిడ బీపీ మాత్ర పేరు గుర్తొస్తుంది.

మొన్నో పెళ్లి భోజనాల్లో ఈ మాటలే కదిపాను. మా పంక్తిలో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు, అటు పక్కన పందేలకి మధ్యవర్తిత్వం చేసే పెద్దమనిషి కూడా కూర్చున్నాడు. ఎలాగూ మానరు కాబట్టి, ఈసారి పందెం ఎవరు గెలిచినా డబ్బు ప్రభుత్వాసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్ల భోజనాలకి వెళ్లాలన్నాను. పందెమన్న పేరు కూడా అక్కర్లేదు, చందా అనుకోండి, పోలీసుల గొడవా ఉండదు. అందరికంటే ముందు మధ్యవర్తే ఉలిక్కిపడ్డాడు, 'మరి నా కమీషనో, మాస్టారూ?' అని. 2019లో నవ్వి 2024లో ఏడ్చిన బావగారొకాయన ఒప్పుకున్నాడు గానీ షరతు పెట్టాడు, ఓడినవాడి పేరు ఫ్లెక్సీ మీద పైన వెయ్యాలట. గెలిచినవైపు ఆయన పూతరేకు పక్కన పెట్టేసి, 'డబ్బు మాది కూడా కదండీ, మా పేరు కింద ఉంటుందా?' అన్నాడు. అక్షరాల సైజు మీద వాదన పడింది. పెరుగు వచ్చేదాకా తెగలేదు. చివరికి మధ్యవర్తే చెయ్యి కడుక్కుంటూ, '2029 దాకా ఆగడం దేనికండీ, ముందు సర్పంచి ఎన్నికకి చిన్నగా కాసి చూద్దాం, కమీషన్ సగానికి తగ్గిస్తాను' అన్నాడు. ఆ మిగతా సగం గురించి ఇంకా మాట్లాడుతున్నాం.